అత్త నడిపిన క్లాసు

యోగ శిక్షణ కేంద్రం, మైసూరు దగ్గర
జులై నెల

అత్తా,

బాగానే చేరినా. నీ కొడుకు గేటు దాకా వచ్చినాడు. లోపలికి రానీలేదు. బయటే నిలబడి చెయ్యి ఊపినాడు. సుదీప్ మొగం ఇంకొకసారి చూసుంటే అదే బస్సెక్కి వల్లూరుకు తిరిగొచ్చేదాన్నేమో, ఎనక్కి చూడకుండా లోపలికి వచ్చేసినా.

ఈడ మా ఫోన్లన్నీ బీరువాలో పెట్టి బీగం ఏసినారు. ఆదివారం పూట ఆఫీసు ఫోనులో మాట్లాడొచ్చు గానీ ఎనక లైను ఉంటాది. పాపతో రెండు మాటలు మాట్లాడేసరికి ఎనకామె దగ్గుతాది. అందుకే నీకు రాస్తాండా. మామకూ నీ కొడుకుకూ కన్నడ తప్ప చదవరాదు. నువ్వు మా నాయనకు చెల్లెలివి, నేను నీ మేనకోడల్ని. మడకశిరలో ఒకే బడిలో, నీ తర్వాత నేను, తెలుగు నేర్చుకున్నాం. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చినాం. ఆ అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చినాయి. మనం ఏం రాసుకున్నా ఇంట్లో ఎవురూ చదవలేరు.

మొదటి రోజు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఎందుకు వచ్చినారో చెప్పమన్నారు. ఒకమ్మాయి బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చిందంట. ఇంకొకాయన బ్యాంకులో రిటైరైనాడంట. తర్వాత నా వంతు వచ్చింది. మెల్లిగా చెప్పినా. "మాది పావగడ తాలూకు. సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగే పని చేసినా. పొడుగు కట్టెకు బ్రష్ తగిలిచ్చుకోని, ట్యాంకరు నీళ్ళు పడతాంటే తల పైకెత్తి తోమాల. కొన్నేండ్లకు కుడి భుజం బిగుసుకపాయ. నా బిడ్డకు జడేసేకి చెయ్యి లేసేది కాదు, మా అత్తే ఏసేది. ఆరోగ్య కేంద్రం నుంచి ఒక మేడం వచ్చి మా ఊరి బడిలో యోగ చెప్పింది. అందరూ రెండు రోజులు వచ్చి మానేసినారు. నేను మానలేదు. గొర్రెల దొడ్డి ఎనక చాపేసుకోని చేసుకుంటా పోయినా. చెయ్యి లేసింది. అది చూసి ఊర్లో ఆడోళ్ళు మాకూ చెప్పమన్నారు. తెలిసినంత చెప్తాంటే ఆ మేడమే, సరిగ్గా నేర్చుకోని చెప్పు వినుతా, ఇది ఒంటితో పని అని ఈడ సీటు ఇప్పిచ్చింది."

అందరూ చప్పట్లు కొట్టినారత్తా. నాకు సిగ్గయింది. ఒకటి మాత్రం చెప్పలేదు. నేను ఈడికి వస్తానన్నప్పటి నుంచి మా మామ నాతో మాట్లాడడం లేదని చెప్పలేదు. బయలుదేరేటప్పుడు కాళ్ళకు మొక్కితే గూడా గోడకల్ల తిరిగినాడు గదా, అది చెప్తే ఏడుపొస్తాదని మింగేసినా.

పాప బువ్వ తింటాందా? మామ ఏమన్నా అంటాండాడా?

నీ వినుత


వల్లూరు
జులై ఆఖరు

వినుతా,

నీ జాబు చేరింది. పోస్టాయన నా పేరు చూసి, "ఏంది ఓబక్కా, నీకు జాబులు రాసేవాళ్ళెవురమ్మా?" అని అడిగినాడు. "నా కోడలు, మైసూరులో చదువుతాంది" అని చెప్పినా. గట్టిగానే చెప్పినా, మీ మామకు వినపడాలని.

శిల్పశ్రీ బాగుండాది. మొదటి రెండు రోజులు అమ్మ యాడ అని గునిసింది. ఇప్పుడు గొర్రెపిల్ల ఒకటి పుట్టింది, దాని ఎనకే తిరుగుతాంది. బువ్వ దాని పక్కన కూర్చోనే తింటాంది. సుదీపు సోలార్ ప్లాంటులో పగలు డ్యూటీ ఏయించుకున్నాడు, సాయంకాలం బిడ్డతో ఉండేకి. నేర్చుకుంటాండాడు, నీళ్ళు కాగబెట్టేది గూడా.

మీ మామ ఎప్పటి మాదిరే. పొద్దున ముద్ద తిని సోలార్ పార్కు కంచె కాడికి పోతాడు. పార్కుకు ఇచ్చేసిన మన శెనక్కాయ చేను ఉన్న చోటు ఆయప్పకు బాగా తెలుసు గదా. ఇప్పుడు ఆడ ప్యానెళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా ఆ రాతి మీద కూర్చోని చూస్తా ఉంటాడు. నీ మాట ఎత్తడు. ఎవురైనా అడిగితే, "పోయింది, కాళ్ళూ చేతులూ ఎత్తేది నేర్చుకునేకి" అంటాడు. నువ్వు మనసులో పెట్టుకోవద్దు.

ఆడోళ్ళు ఎప్పటి మాదిరే పొద్దున్నే మన దొడ్డి ఎనక్కి వస్తాండారు. ఊరికేలే. కాసేపు కూర్చోని మాట్లాడుకోని పోతారు. సంజీవమ్మ ఎడమ కాలి మీద బరువు ఏయడం లేదు, అడిగితే ఏం లేదు అంటాది. ఆంజినమ్మ చేతులు ఎత్తినప్పుడల్లా ఊపిరి బిగబట్టి మొగం ఎర్రగా చేసుకుంటాది, దానికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

నువ్వు బాగా తిను. ఆడ సంగటి దొరకదని సన్నబడొద్దు.

ఓబక్క


యోగ శిక్షణ కేంద్రం
ఆగస్టు

అత్తా,

సంగటి దొరకదు గానీ జొన్నరొట్టె చేస్తారు, బాగుంటాది. పొద్దున చలికి లేసేది ఒకటే కష్టం. ఈడ చుట్టూ చెట్లు, వానలు. మన ఊరి ఎండలో పుట్టిన ఒళ్ళు ఇది, ఆ పచ్చదనం చూస్తే ఏదో పెండ్లింటికి వచ్చినట్లు ఉంటాది.

మా మేష్ట్రు ముసలాయన. తెల్ల పంచె, తెల్ల గడ్డం, ఎప్పుడూ గొంతు పెంచడు. నిన్న నాతో ఒక ఆసనం ఏయించి అందరికీ చూపిచ్చినాడు. "ఈమె నడుము చూడండి, పని చేసిన నడుము" అన్నాడు. బెంగళూరు అమ్మాయి సాయంకాలం నా కాడికి వచ్చి నేర్పియ్యమనింది. ఎముకల పేర్లు, కండల పేర్లు గూడా చదువుతాండాం. కన్నడలో రాసుకోని, పక్కన తెలుగులో గుర్తు పెట్టుకుంటా. కష్టమే గానీ ఇష్టంగా ఉండాది. పెండ్లి తర్వాత నేను పుస్తకం పట్టింది ఇదే.

అన్నీ బాగానే ఉండాయి.

నీ జాబు రెండు మూడు సార్లు చదివినా. ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఊరికే కూర్చోని మాట్లాడుకునే ఆడోళ్ళు చేతులు ఎందుకు ఎత్తుతారు? సంజీవమ్మ ఏ కాలి మీద బరువు ఏస్తాదో కూర్చుంటే యట్ల తెలుస్తాది? అత్తా, దొడ్డి ఎనక ఏం జరుగుతాంది?

వినుత


వల్లూరు
ఆగస్టు ఆఖరు

వినుతా,

దాచేకి నాకు చేతకాదు, అది మీ నాయన గూడా చెప్తాడు.

నువ్వు పోయిన మరుసటి రోజు ఆడోళ్ళంతా చాపలు చంకన పెట్టుకోని వచ్చినారు. వినుత లేదు పోండి అంటే మొగాలు చిన్నబోయినాయి. సంజీవమ్మ, "ఇప్పుడిప్పుడే నడుము సుళువైంది, మళ్ళా బిగుసుకుంటాదేమో" అనింది. నాకు మనసొప్పలేదు. నువ్వు చెప్తాంటే రోజూ గొర్రెలకు ఆకులేసుకుంటా చూసిందాన్నే గదా, "రాండి, నేను చెప్తా" అన్నా. నువ్వు వచ్చేదాకా వాళ్ళను చెదిరిపోకుండా పట్టుకుంటే చాలని అట్ల మొదలుపెట్టినా. నా మోకాలు వంగదు, నేను మొద్దు మీద కూర్చోని అరుస్తా, వాళ్ళు చేస్తారు.

ఇన్నాళ్ళూ బాగానే జరిగింది. మొన్న నాకు కొంచెం కొమ్ములొచ్చినాయి. నువ్వు తల తిప్పిచ్చేది గుర్తొచ్చి, తిరగలి తిప్పినట్లు గిర్రున తిప్పమన్నా. అందరూ మెల్లిగా తిప్పినారు. ఆంజినమ్మ నా మాట మీద గౌరవం ఎక్కువ పెట్టి జోరుగా తిప్పింది. మెడ కటుక్కుమనింది. అంతే, తల కుడి పక్కకు తిరిగి ఆడనే నిలిచిపాయ. కుడి పక్కన ఉండేవాళ్ళతో మాత్రమే మాట్లాడుతాంది పాపం.

దాని మొగుడు బొమ్మన్న మన వాకిట్లోకొచ్చి, "నా పెండ్లాన్ని ముందరికి చూసేటట్లు చేసి ఇయ్యి ఓబక్కా" అని గలాటా. మీ మామ అప్పుడే కంచె కాడి నుంచి వచ్చినాడు. సంగతి విని నాకల్ల చూసినాడు. తిడతాడనుకున్నా. "కోడలు పోయింది చాలదా, నువ్వు గూడానా" అన్నాడు. అని లోపలికి పోయినాడు. లోపల నవ్వుతాండాడు వినుతా! దుప్పటి నోట్లో కుక్కుకోని నవ్వుతాండాడు. ఆ మనిషి నవ్వు విని ఎన్నేండ్లాయనో నాకే గుర్తులేదు.

కానీ ఆంజినమ్మ మెడ ఇంకా రాలేదు. ఏం చేయాలో తొందరగా రాయి.

ఓబక్క


యోగ శిక్షణ కేంద్రం
సెప్టెంబరు

అత్తా,

మామ నవ్వినాడని చదివి సంతోషపడాల్నో, ఆంజినమ్మక్కను తలుచుకోని నీతో కొట్లాడాల్నో తెలియలేదు. కొట్లాడుతా. మెడతో ఆటలాడతారా? నేను ఎప్పుడైనా గిర్రున తిప్పిచ్చినానా? పక్కకు, ముందరికి, అంతే. మెడ ఎనక్కి ఏలాడేసి తిప్పకూడదు, పెద్దోళ్ళతో అస్సలు కూడదు. నిలిపెయ్ క్లాసు. ఆంజినమ్మక్కను రుద్దొద్దు, లాగొద్దు. ఆరోగ్య కేంద్రానికి తోడుకోని పో. మేడంకు జరిగింది జరిగినట్లు చెప్పు. నేను గూడా ఆఫీసులో అడుక్కోని ఈ పొద్దే మేడంకు ఫోను చేస్తా.

ఇంత కోపంగా రాసినాక రెండు రోజులు ఈ జాబు పోస్టు చేయలేదు. ఎందుకంటే నిన్ను తిట్టే యోగ్యత నాకూ లేదు. పోయిన జాబులో అన్నీ బాగుండాయని రాసినా గదా. బాగలేవు.

ఈడ క్లాసు చెప్పే పరీక్ష పెట్టినారు. ఎదురుగా పదిమందిని కూర్చోబెట్టి నడిపిచ్చాల. నేను చాప మీద నిలబడి, కండ్లు మూసుకోని, ఒక్కొక్క ఆసనం ఎంత బాగా చేసినానో! నోటితో చెప్పుకుంటా, ఒంటితో చేసుకుంటా పోయినా. అయిపోయినాక మేష్ట్రు, "నువ్వు బాగా చేసినావమ్మా. నీ ముందర ఉన్న వాళ్ళు ఏం చేసినారో చెప్పు" అన్నాడు. చెప్పలేకపోయినా. ఒక్కరినీ చూడలేదత్తా. బ్యాంకాయనకు మధ్యలో తల తిరిగి కూర్చుండిపోయినాడంట, అది గూడా చూసుకోలేదు.

పరీక్ష తప్పినా. ఆఖరి నెలలో ఇంకొక అవకాశం ఇస్తారంట. చెప్పేకి కండ్లు తెరుచుకోని నిలబడితే నాకు అందరి మొగాలూ చూసి మాట పోతాంది. కండ్లు మూసుకుంటేనే మాట వస్తాంది. ఇంక యట్ల? మామ అన్నట్లు ఉత్త కాళ్ళూ చేతులూ ఎత్తేది నేర్చుకునేకే వచ్చినానేమో. నేను నా ఒంటికి చేసుకునేదాన్ని గానీ, చెప్పేదాన్ని కాదేమో. బట్టలు సర్దుకోని వచ్చేయాలని ఉండాది. పాప కలలోకి వస్తాంది.

వినుత


వల్లూరు
సెప్టెంబరు

వినుతా,

వస్తే వాకిలి తీయను. ముందు అది చదువుకో.

ఇంక ఆంజినమ్మ. మేడం చూసింది, మందు రాసిచ్చింది, మెడ వచ్చేసింది. ఇప్పుడు రెండు పక్కలా చూసి తిడతాంది నన్ను. మేడం నన్ను గూడా తిట్టింది, నవ్వుకుంటానే. నువ్వు వచ్చేదాకా ఊపిరి తీసి ఇడిసేది, చేతులు మెల్లిగా ఎత్తి దించేది తప్ప ఏమీ చేయొద్దనింది. సరేనన్నా. ఆడోళ్ళు మానలేదు. మెడ పోయినామె గూడా మానలేదు.

నీ పరీక్ష గురించి నేనేం చెప్పగలను? నాకు ఆసనాలు రావు. మొద్దు మీద కూర్చుంటే చేసేకి నాకు వేరే పని లేదు, వాళ్ళను చూస్తా కూర్చుంటా. చూస్తే తెలుస్తాది గదా. సంజీవమ్మ కాలికి చెప్పు కొరికింది, నొప్పని చెప్తే కూర్చోమంటారని దాచింది. ఆంజినమ్మకు ఊపిరి బిగబట్టేది నీళ్ళ బిందె ఎత్తేటప్పటి అలవాటు. చిన్నామె ఒకతి, ప్లాంటులో కొత్తగా చేరింది, కండ్లలో నీళ్ళు పెట్టుకోని చేసింది ఒక రోజు. ఏమైందని అడగలేదు, పక్కన కూర్చోబెట్టుకున్నా. నువ్వు అందరి మొగాలూ ఒకేసారి చూస్తే భయమైతాది. ఒకరి తర్వాత ఒకరిని చూడు. ఒకరికి కావాల్సింది చెప్పు. అంతేలే, నాకు తోచింది.

మీ మామ సంగతి ఒకటి చెప్తా. మొన్న బువ్వ తినేటప్పుడు సుదీపు అడిగేసినాడు, "నాయనా, వినుత మీద నీకెందుకంత కోపం?" అని. ఆయప్ప చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేసినాడు. తర్వాత అన్నాడు. "దాని మీద కోపమేందిరా. నా చేతికి పనున్నప్పుడు ఎవురైనా వచ్చి చెయ్యెత్తు, కాలు దించు అని చెప్పినారా? చేనులో ఒంగినోన్ని ఒంగినట్లే ఉంటి. ఇప్పుడు మన కోడలే చాపేసి, రా మామా, ఒంగేది నేర్పిస్తా అంటే, పని లేనోన్నయిపోయినానని నేను ఊరందరి ముందరా ఒప్పుకున్నట్లు గాదా?"

మీ మామ హనుమంతరాయప్ప నోట్లో నుంచి ఇంత పెద్ద మాట నేను విన్నది ఇదే. ఆయప్ప చెయ్యి కడుక్కోని లేసేకి పోయి, నడుము పట్టుకోని మళ్ళా కూర్చున్నాడు.

నువ్వు పాసై రా. ఊరికే కాదు, ఈ ఊర్లో చేనిచ్చేసి కూర్చున్న నడుములు శానా ఉండాయి.

నీ అత్త ఓబక్క


యోగ శిక్షణ కేంద్రం
అక్టోబరు

అత్తా,

పాసైనా!

ఈ మాట ఆదివారం ఫోనులో గూడా చెప్తా, కానీ యట్లయిందో జాబులోనే చెప్పాల. నీ ఉత్తరం చదివినాక ప్రతి సాయంకాలం వంటింట్లో కూరగాయలు తరిగే అక్కల కాడికి పోయి కూర్చున్నా. వాళ్ళకు భుజాల నొప్పులు. ఒకరి తర్వాత ఒకరికి, నేను ఏమీ చేసి చూపిచ్చకుండా, ఉత్త మాటతో చెప్పేది మొదలుపెట్టినా. మొదట్లో నా చేతులు వాటంతటవే పైకి లేసేవి. ఒకక్క, "నువ్వు చేస్తే మేం నిన్ను చూస్తాం గానీ మా పని చేసుకోం" అని నా రెండు చేతులూ పట్టుకోని ఒళ్ళో పెట్టింది.

పరీక్ష రోజు నేను చాప ఏసుకోలేదు. మొదట బ్యాంకాయన కాడికి పోయినా. మోకాళ్ళు వణుకుతాంటే పండ్లు కొరుక్కోని నిలబడినాడు. "సార్, కొంచెం వంచండి, గోడను పట్టుకున్నా తప్పు లేదు" అన్నా. గోడ పట్టుకోని ఊపిరి ఇడిసినాడు. ఆ ఊపిరి విన్నాక నాకు భయం పోయింది. తర్వాత పక్కామె, ఆ తర్వాత ఇంకొకామె. మధ్యలో కన్నడ పోయి తెలుగు వచ్చేసింది. ఎవురూ నవ్వలేదు. అయిపోయినాక మేష్ట్రు పిలిచి, ఇద్దరి చేతులు సరిగ్గా లేవని చూపిచ్చినాడు, ఒకచోట తొందర పడినావన్నాడు. ఆఖర్న, "ఈ పొద్దు వీళ్ళంతా నీకు కనపడినారు" అన్నాడు. బయటికొచ్చి కుళాయి కింద మొగం కడుక్కుంటా ఏడ్చినా.

మామ మాట చదివిన రోజు నుంచి దాని గురించే ఆలోచిస్తాండా. నేను ఆయనను ఎప్పుడూ క్లాసుకు పిలవను. నువ్వు గూడా పిలవొద్దు.

నెలాఖరుకు వస్తా. వాకిలి తీస్తావు గదా?

వినుత


వల్లూరు
డిసెంబరు

అత్తా,

మా అమ్మ కంటికి ఆపరేషను చేసి కట్టిన కట్టు ఇప్పినారని నాయన ఫోను చేసినాడు. నువ్వు మడకశిరలో ఉండి అమ్మను చూసుకుంటాండావని నాకు ధైర్యం. నేను గూడా ఫోను చేయొచ్చు గానీ ఈ సంగతి ఫోనులో చెప్తే మామ వింటాడు. అందుకే మన అలవాటు ప్రకారం రాస్తాండా.

నువ్వు పోయిన వారానికి మా క్లాసు ఊర్లో అందరికీ ఉండే సముదాయ భవనంలోకి మారింది. దొడ్డి ఎనక చోటు చాలలేదు. పంచాయితీ వాళ్ళు పొద్దుటి పూట వాడుకోమన్నారు. పక్క ఊరు క్యాతగానచెర్లు నుంచి గూడా కొందరు నడిచొస్తాండారు. ఇప్పుడు మగోళ్ళు గూడా ఉండారు, బొమ్మన్న అందరికన్నా ముందు వస్తాడు. ప్లాంటులో డ్యూటీకి పోయే ఆడోళ్ళు యూనిఫారంతోనే వచ్చి, అట్లనే పనికి పోతారు.

మొదటి రోజు బీగం తీసేకి పోతే రాలేదు. తుప్పు పట్టింది. నేను, సంజీవమ్మక్క తిప్పలు పడతాంటే మామ కంచెకల్ల పోతా చూసినాడు. వచ్చి, కొంచెం నూనె తెప్పిచ్చి పోసి, రాయితో తట్టి తీసినాడు. లోపల పావురాల రెట్ట, దుమ్ము. ఒక్కసారి చూసి, "ఇందులో పడుకుంటారా మీరు?" అన్నాడు. అందరికీ అన్నట్లు అన్నాడు గానీ నాకల్ల చూసి అన్నాడు. నాతో మాట్లాడి ఎన్నాళ్ళాయనో నీకు తెలుసు. నేను "అవును మామా" అన్నా.

మరుసటి రోజు నేను పోయేసరికి తలుపులు తీసుండాయి. మామ ఊడుస్తాండాడు. నీళ్ళు చల్లి, మూలమూలకూ పోయి, ఒక్క పుల్ల లేకుండా. ఊడ్చి, గడప అవతల నిలబడి, మేం చేస్తాంటే చూసినాడు. అట్ల కొన్నాళ్ళు. నేను పిలవలేదు. అందరితో చెప్పినట్లే చెప్పినా, "నడుము పట్టేసినోళ్ళు పూర్తిగా ఒంగొద్దు, కిటికీ గట్టు పట్టుకోని సగం ఒంగితే చాలు" అని. గడప అవతల కిటికీ కాడ ఉండింది మామ ఒక్కడే. తిరిగి చూడలేదు నేను. కొంచెం సేపటికి బొమ్మన్న కండ్లతో సైగ చేసినాడు. చూస్తే మామ కిటికీ గట్టు రెండు చేతులతో పట్టుకోని ఒంగుండాడు.

కాడికి పోయినా. వీపు కొయ్య మాదిరి ఉండాది. "మోకాలు కొంచెం సడలిచ్చు మామా" అన్నా. సడలిచ్చినాడు. "ఊపిరి ఇడువు." ఇడిసినాడు. "నొప్పా?" అంటే, "నొప్పే. బాగుండాది" అన్నాడు.

నిన్న ఆఖర్న అందరినీ ఎల్లకిలా పడుకోమన్నప్పుడు లోపలికి వచ్చి, గోడ పక్కన తువ్వాలు పరిచి పడుకున్నాడు. నేను మెల్లిగా కాళ్ళు, చేతులు, మొగం వదిలేయమని చెప్తాండా. లేయండి అన్నాక అందరూ లేసినారు, మామ లేయలేదు. నిద్రపోయినాడత్తా. నోరు తెరుచుకోని, చిన్నపిల్లోని మాదిరి. సంజీవమ్మక్క వేలు పెదవి మీద పెట్టి అందరినీ చెప్పులు చేత్తో పట్టుకోని బయటికి పొమ్మనింది. ప్లాంటు ఆడోళ్ళు డ్యూటీకి ఆలస్యమైతాన్నా గూడా నిలబడి ఒకసారి చూసి పోయినారు. నేను పక్కన కూర్చున్నా. ఎండ కిటికీలో నుంచి కాళ్ళ మీదికి వచ్చినాక లేసినాడు.

"ఎందుకు లేపలేదు?" అని కసిరినాడు. తర్వాత తువ్వాలు దులుపుకోని, "రేపు ముందరే వస్తా, చాపలు నేనే పరుస్తా, నువ్వు పరిచేది వంకరగా ఉండాది" అన్నాడు.

ఈ పొద్దు పోస్టాయన దారిలో అడిగినాడంట, "హనుమంతరాయప్పా, నువ్వు గూడా యోగకు పోతాండావంటనే?" అని. మామ ఏమన్నాడో తెలుసా? "యోగ లేదు, గీగ లేదు. ఆడ తలుపు తీసే పని నాది" అన్నాడంట. అని, నడుము నిటారుగా పెట్టుకోని నడిచిపోయినాడంట.

అమ్మ కన్ను బాగైనాక తొందరగా రా. పాప రోజూ అడుగుతాంది.

వినుత